వదిన మార్చిన ప్రశ్న

మా వదినను వీధిలో అందరూ ప్రశ్నలమ్మ అంటారు. నా బ్యూటీ పార్లరు వెనక గదిలో కూర్చుని టారో అనే జోస్యం కార్డులు చూస్తుంది కాబట్టి, నిజానికి కార్డులమ్మ అనాలి. కానీ ఆమె దగ్గరికి వచ్చినవాళ్ళు ముందు సరిగ్గా అడగడం నేర్చుకోవాలి. కార్డులు పరిచేది ఆ తర్వాతే. వాళ్ళకిచ్చిన అరగంటలో సగం దానికే పోతుంది. జవాబు కొనుక్కుందామని వెళ్తే ప్రశ్న కుట్టి పంపిస్తుందని పక్క దుకాణం దర్జీ వేళాకోళం చేస్తాడు. ఆ మాట వదినకు నచ్చింది కూడా.

నాకు కార్డుల మీద నమ్మకం లేదు. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. బొమ్మల ముక్కలకు మనుషుల బతుకులు తెలిస్తే పేకాటరాయుళ్ళందరూ ఈపాటికి ఋషులై ఉండాలి. వదిన పనితనం మీద మాత్రం నాకు గౌరవమే. మా అన్నయ్య ఉన్నప్పుడూ, పోయాక కూడా, ఆమె బస్టాండులో విచారణ కౌంటరులో పనిచేసింది. బస్సు వస్తుందా రాదా అని అరిచేవాళ్ళను, ముందు మీరెక్కడికి వెళ్ళాలో చెప్పండి అని అడిగీ అడిగీ, తమకేం కావాలో మనుషులకే తెలియదన్న జ్ఞానం అక్కడ సంపాదించుకుంది. కౌంటరు తీసేసి ఆ చోట టీవీ తెర బిగించాక ఈ కార్డులు పట్టుకుంది.

అవునా కాదా అని అడిగితే ఒప్పుకోదు. ఎప్పుడు జరుగుతుందని అడిగినా అంతే. ఎదురుగా లేని మనిషి మనసులో ఏముందని అసలే అడగకూడదు. ప్రశ్నలో 'నేను' ఉండాలి, మన చేతిలో ఉన్న పని ఏదో ఒకటి ఉండాలి. ఒకసారి మందుల షాపులో పనిచేసే అతను వచ్చి, మా ఓనరుకు ఎప్పటికైనా బుద్ధి వస్తుందా అని అడిగాడు. వదిన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఆయనకు బుద్ధి రాకపోతే నేనేం చెయ్యాలి అని మార్చింది. అతను, దీనికి కార్డులెందుకమ్మా, ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, అని లేచిపోయాడు. చూసుకున్నాడు కూడా. ఇలాంటివి చాలా విన్నాను. నా పార్లరుకూ ఆ గదికీ మధ్య ఉన్నది ఒక ప్లైవుడ్ చెక్క. చెవులు మూసుకుని పనిచేసే అలవాటు నాకు లేదు.

ఇక పాప సంగతి. పాప వదినకు ఒక్కగానొక్క కూతురు. పెళ్ళయి కాపురం చేసుకుంటున్నా మాకు ఇంకా పాపే. వదిన వద్దని మొత్తుకున్నా వినకుండా, ఇష్టపడి చేసుకుంది. నీ కాపురం నువ్వే దిద్దుకో, నా దగ్గరికి పంచాయితీకి రాకు అని వదిన పెళ్ళిరోజే అనేసింది. అప్పట్నుంచి తల్లీకూతుళ్ళ మాటలు తిన్నావా, పడుకున్నావా దగ్గరే ఆగిపోయాయి.

అల్లుడు చూడటానికి పెద్దమనిషే. మాట మెత్తన. కానీ పెళ్ళయిన కొన్నాళ్ళకే పాప ల్యాబులో ఉద్యోగం మానేసింది. ఫోన్ చేస్తే అతనే ఎత్తి, స్నానం చేస్తోంది, పడుకుంది అనేవాడు. ఏ పూట చేసినా స్నానమే. నాకు ఒళ్ళు మండి వదినతో చెప్తే, ఇష్టపడి చేసుకున్నవాళ్ళ మధ్య మనమెందుకు దూరాలి అంది.

ఆ రోజు మధ్యాహ్నం అతనే పాపను బైకు మీద తీసుకొచ్చి దింపాడు. జుట్టు కత్తిరించుకుంటుందట. అతను బయట బైకు మీదే కూర్చున్నాడు. నేను మెడకు గుడ్డ కడుతుంటే పాప అద్దంలో నా వంక చూసి, చాలా మెల్లగా అంది.

"అత్తా, అమ్మ దగ్గర అరగంట కావాలి. కస్టమర్‌లాగే కూర్చుంటాను."

నేను కర్టెన్ పక్కకు తీశాను. కార్డులంటే నవ్వే పిల్ల ఎదురుగా వచ్చి కూర్చునేసరికి వదిన ముఖం వెలిగిపోయింది. తన పని విలువ ఇన్నాళ్ళకు తెలిసిందనుకుంది కాబోలు. నేను పక్క కుర్చీలో ఉన్న ఇంకొకావిడ తలకు రంగు రాస్తూ చెక్కకు చెవి ఆనించాను.

"నేను ఆ ఇంట్లో ఉండాలా, వచ్చెయ్యాలా?" అని అడిగింది పాప.

"అలా అడగకూడదు పాపా. ఉండాలా వద్దా అన్నది కార్డులు తేల్చవు."

"పోనీ, ఆయన మారతారా?"

"ఇక్కడ లేని మనిషి గురించి అడగం. నీ గురించి అడుగు. నీ చేతిలో ఏముందో అడుగు."

"నాకు రావట్లేదమ్మా. నువ్వే చెప్పు ఎలా అడగాలో."

వదిన చెప్పింది. ఆ ఇంట్లో నేను నిలదొక్కుకోవాలంటే నాలో ఏం మారాలి? ఇదీ ఆమె తయారు చేసిన ప్రశ్న. ఎంత నునుపుగా ఉందో చూడండి, చెయ్యి వేస్తే జారిపోతుంది. పాప దాన్ని అలాగే అప్పజెప్పింది. ముక్క తిప్పితే, కళ్ళకు గంతలతో, ఒంటికి కట్లతో, చుట్టూ పాతిన కత్తుల మధ్యన నిలబడ్డ ఆడమనిషి వచ్చింది. కర్టెన్ సందులోంచి కనబడింది, ఆ బొమ్మ నాకు తెలుసు. గుడ్డివాడికి చూపించినా అది సంకెల అంటాడు. వదిన మాత్రం పుస్తకంలో ఉన్నదే చెప్పింది.

"చూడు, కట్లు వదులుగానే ఉన్నాయి. ఆమెను ఎవరూ ఆపట్లేదు. ఆపేది ఆమె ఆలోచనే."

"అయితే నాదే లోపం అంటావు."

లోపమని కాదు అంటూ వదిన ఇంకేదో చెప్తోంది. బయట హారన్ మోగింది. పాప గభాలున ఇవతలికి వచ్చి నా కుర్చీలో కూర్చుంది.

"అత్తా, ఒక అంగుళమైనా కత్తిరించు. లేకపోతే ఇంతసేపు ఏం చేశావని అడుగుతారు."

కత్తిరించాను. బయటికి వెళ్ళగానే అతను ఆమెను వెనక్కి తిప్పి జుట్టు చూశాడు, తర్వాత గడియారం చూసుకున్నాడు. అప్పుడు బైకు స్టార్ట్ చేశాడు.

నా నోటికి మామూలుగానే తాళం ఉండదు. ఆ క్షణంలో అసలు తలుపే లేదు. వెనక గదిలోకి వెళ్ళి, అది కార్డులను అడగలేదు వదినా, నిన్నడిగింది, అన్నాను. జుట్టు సంగతి, గడియారం సంగతి చెప్పాను. అది రెండుసార్లు తలుపు కొడితే రెండుసార్లూ నువ్వు గడియ పెట్టావన్నాను. పద్ధతి ప్రకారమే అడిగించాను కదా అని వదిన మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది. ఆమె అంత చిన్నగా కనబడటం నేనెప్పుడూ చూడలేదు.

"నాకు అర్థం కాలేదనుకున్నావా?" అంది చివరికి. "దాని ముఖం చూడగానే అర్థమైంది. వచ్చెయ్ అంటే నిజంగా వచ్చేస్తుంది. తెచ్చి ఎక్కడ పెట్టను? ఉన్నది ఒక్క గది, అదీ నీ ఇంట్లో. అందుకే ప్రశ్న మార్చాను."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "గది నాదైతే మేనకోడలు ఎవరిది?" అన్నాను.

రంగు పూయించుకున్నావిడను మీరే కడుక్కోండి తల్లీ అని బతిమాలి, షట్టరు సగం దించి, ఇద్దరం ఆటో ఎక్కాం. దారంతా వదిన పెదవులు కదుపుతూనే ఉంది. ఏం అడగాలో కూర్చుకుంటోందని అర్థమైంది. ఇంతమందికి ప్రశ్నలు నేర్పిన మనిషికి తన కూతురిని అడగడానికి మాట దొరకలేదు.

అల్లుడే తలుపు తీశాడు. ఏమాత్రం తడబడలేదు. రండత్తయ్యా అని కూర్చోబెట్టాడు, మంచినీళ్ళు తెమ్మని లోపలికి కేక వేశాడు. పాప గ్లాసులు తెచ్చింది. మమ్మల్ని చూసి సంతోషపడలేదు, భయపడింది. వదిన గ్లాసు అందుకోలేదు.

"పాపా, నీ ఫోన్ నీ దగ్గరుందా?"

"లేదు."

"గడప దాటాలంటే అడగాలా?"

పాప తలూపింది.

"చెయ్యి చేసుకున్నాడా?"

పాప వదిన వైపు చూడలేదు, అతని వైపు చూసింది. ఏం చెప్పమంటారని అడుగుతున్నట్టే ఉంది ఆ చూపు. మాకు అది చాలు. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఏం ప్రశ్నలివి అత్తయ్యా? ఎవరైనా వింటే ఏమనుకుంటారు? ఇంతకీ మీరు ఎప్పుడు బయల్దేరుతున్నారు?"

"పాప చెప్పులేసుకోగానే" అంది వదిన.

పాప ఉన్నచోటు నుంచి కదల్లేదు. గ్లాసుల ట్రే గట్టిగా పట్టుకుని, నేల వంక చూస్తూ చెప్పింది.

"నా చెప్పులు బీరువాలో ఉన్నాయమ్మా. తాళం ఆయన దగ్గర."

వదిన లేచింది. గుమ్మం బయట విడిచిన తన చెప్పులు తెచ్చి పాప కాళ్ళ ముందు పెట్టి, అక్కడే వంగి కూర్చుంది. కూతురి పాదం చేత్తో పట్టుకుని, ఒకటి తొడిగింది, రెండోది తొడిగింది. అతను ఆపలేదు. ఆపాల్సిన అవసరం లేదనుకున్నాడు. మేం మెట్ల దాకా వచ్చాక గుమ్మంలో నిలబడి, అదే మెత్తని గొంతుతో అడిగాడు.

"రేపు నువ్వే తిరిగొస్తావుగా?"

పాప ఆగిపోయింది. దాని పెదవులు కదులుతున్నాయి, 'ఊఁ' అనడానికే. ఆ మాట బయటపడకముందే వదిన దాని నడుం చుట్టూ చెయ్యి వేసి, కింది మెట్టు మీద ఒట్టి పాదం పెట్టింది.