ముసల్ది దిగిన దారి

నేను ఆ పోస్టుకు చేరింది సెప్టెంబరు ఆఖరున, మధ్యాహ్నం రెండు గంటలకు. ఎత్తు పదిహేను వేల అడుగుల పైమాటే. చెట్టు లేదు. గడ్డి లేదు. రాయి, మంచు, గాలి. చోటు పేరు చెప్పను, అడగొద్దు. నాందేడ్‌లో కలిసిన ప్రతివాడూ "శత్రువును చూసినవా, కాల్చినవా" అని అడుగుతాడు. చూడలేదు, కాల్చలేదు. నేను డ్రైవర్ని. అక్కడ నేను రోజూ చూసింది ఒక పికప్పు బండిని. దాని సంగతే చెబుతాను. ఓపిక ఉంటే వినండి, లేకపోతే చాయ్ తాగి వెళ్లండి.

నేను వెళ్లేసరికే అది ముసలిది. ఆకుపచ్చ రంగు ఎన్నిసార్లు పూసినా కింద నుంచి తుప్పు తేలేది. ఎడమ తలుపు పైకెత్తి నూకితే తప్ప పడదు. హీటర్ గాలి మోకాళ్ల దాకే. పొద్దున ఇంజన్ మీద వేడినీళ్లలో ముంచిన గోనెసంచులు కప్పి బతిమాలాలి. బతిమాలే పని నా జోడీదారుది. రెండో డ్రైవర్. వాడిది కిన్వట్ పక్కన గోకుంద. నాది బాబ్లీ. యూనిట్ అంతా మరాఠీ. తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. వాడు నన్ను బాబ్లీ అనేవాడు, నేను వాణ్ణి గోకుంద అనేవాణ్ణి. అసలు పేర్లు జీతం రోజునే వినబడేవి.

"లెవ్వే ముసల్దానా, ఎండొచ్చింది," అని వాడు బానెట్ తట్టేవాడు. అది దగ్గి, పొగ కక్కి, లేచేది.

కిరోసిన్, పిండి, బ్యాటరీలు, ఉత్తరాలు అన్నీ పైకి మోసేది అదే. కింద ఆసుపత్రి నుంచి పోస్టు దాకా ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. ఒకరు బండి మీదుంటే ఇంకొకరు పోస్టులో రేడియో పక్కన.

"బాబ్లీ, యాడున్నవ్?"

"బ్రిడ్జి కాడ. ముసల్ది దగ్గుతున్నది."

"దగ్గనియ్. నీ లెక్క బీడీలు తాగుతలేదు గదా!"

"ఏ, తెలుగు బంద్ కరా!" అని రేడియో ఆపరేటర్ మరాఠీలో అరిచేవాడు. ఇంకో రెండు మాటలు అనుకున్నాకే ఆపేవాళ్లం.

నవంబరులో గోకుందకు దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గే అనుకున్నాం. మూడోనాడు పొద్దున ఏడింటికి పెదవులు నీలమయ్యాయి. నర్సింగ్ అసిస్టెంట్ వీపు మీద స్టెతస్కోప్ పెట్టి విన్నాడు. ఊపిరితిత్తుల్లో నీళ్లు. కిందికి దించితేనే బతుకుతాడు, ఎంత త్వరగా దించితే అంత మంచిది. హెలికాప్టర్ అడిగారు. మబ్బు, రాదన్నారు. పోస్టు పెద్ద సుబేదార్ సాబ్ నా వైపు చూసి "ఘేవున్ జా," అన్నారు, తీసుకెళ్లమని.

పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. ముందు సీట్లో కూర్చోబెట్టాం. పక్కన నర్సింగ్ అసిస్టెంట్, ఒళ్లో ఆక్సిజన్ సిలిండర్. దారంతా మంచు. మొదట ఒక గుట్ట ఎక్కాలి, తర్వాతే దిగుడు. ముసల్ది మొదటి గేరులోనే ఎక్కింది. దిగేటప్పుడు రెండో గేరు దాటితే బ్రేకులు కాలి వాసన. నేను తొక్కని తొక్కు లేదు. తిట్టాను, మొక్కాను. దాని శక్తి అంతే.

గోకుంద మాస్కు పక్కకు జరిపాడు.

"గాబర గాకు బాబ్లీ. ముసల్దాన్ని తొందర వెడితే అలుగుతది."

"నువ్వు మాట్లాడకురా."

"మాట్లాడకుంటే నీకు నిద్రొస్తది."

నవ్వాడు కూడా, దుర్మార్గుడు. బ్రిడ్జి దాటాక ఇక మాట్లాడలేదు. ఆసుపత్రి గేటు కనబడే మలుపులో నర్సింగ్ అసిస్టెంట్ సిలిండర్ ఆపేశాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "ఉస్తాద్, అబ్ ధీరే చలో," అన్నాడు. ఇక మెల్లగా పోవచ్చట. పోస్టు నుంచి అక్కడికి నాలుగు గంటలు పట్టింది.

వారం తర్వాత వంటశాలలో మెకానిక్ ఎవరితోనో అన్నాడు, కొత్త గాడీ ఉంటే వాడు బతికేవాడని. నా ఒళ్లు మండిపోయింది. "ఆగిందారా? ముసల్ది యాడనన్న ఆగిందా చెప్పు!" అని పళ్లెం విసిరికొట్టాను. వాడికి తెలుగు రాదు, అయినా అర్థమైంది. సుబేదార్ సాబ్ నన్ను బయటికి లాక్కెళ్లారు. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేనొక్కణ్ణే రోజూ జవాబు చెప్పుకునేవాణ్ణి: ఆగలేదు, ఎక్కడా ఆగలేదు.

ఫిబ్రవరిలో ఆర్డరు వచ్చింది. ముసల్ది ఇక పనికిరాదు, కింద బండ్ల డిపోలో అప్పగించి కొత్తది తెచ్చుకో. సాయంత్రానికి దించాను. అప్పగింత మర్నాడు పొద్దున. డిపో వంటవాణ్ణి అడిగి వేడినీళ్లు తెచ్చి చక్రాల దగ్గర్నుంచి కడిగాను. స్టోర్‌మన్ పకపకా నవ్వాడు. "కబాడ్ కో కౌన్ ధోతా హై, ఉస్తాద్?" పాత సామానును ఎవరు కడుగుతారు అని. వాడికేం తెలుసు. మా దిక్కు ఎద్దుల పండుగ పోళాకు ముందురోజు సాయంత్రం ఎద్దులను కడుగుతాం. మెడకు పసుపు, నెయ్యి రాస్తాం. రేపు మా ఇంట్లో భోజనం, రమ్మని వాటినే పిలుస్తాం. నా దగ్గర పసుపు లేదు. వంటవాడిచ్చిన కాస్త నెయ్యి స్టీరింగుకు రాశాను. బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాను. రేపు రమ్మని పిలవడానికి నోరు రాలేదు. ఏడ్చాను. గోకుంద పోయినప్పుడు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది.

పొద్దున స్టోర్‌మన్ జాకీ, స్టెప్నీ, బ్యాటరీ దించుకున్నాడు. చివరికి తాళంచెవి అడిగాడు. ఇచ్చాను. కొత్తదాని తాళంచెవి అదే చేతిలో పెట్టాడు. వెచ్చటి హీటర్ గాలి, మెత్తటి సీటు, వేలితో తిప్పితే తిరిగే స్టీరింగు. పోస్టులో అందరూ దాని చుట్టూ చేరి ఫొటోలు దిగారు. నేను దిగలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నరకు సర్వీసు అయిపోయి ఇంటికొచ్చాను. గోకుంద వాళ్ల అన్న నాందేడ్ స్టేషన్ ముందు ఆటో నడుపుతాడు. వెతుక్కుంటూ వెళ్లాను. చాయ్ చెప్పాడు. తర్వాత డ్రైవరు డ్రైవర్ని అడిగినట్టే అడిగాడు.

"నడుమల గాడీ ఏమన్న ఆగిందా తమ్మీ?"

"ఆగలే అన్నా. ఒక్కపారి గూడ ఆగలే."

"కొత్త గాడైతే జల్ది దిగుతుండెనా?"

నేను గ్లాసు కింద పెట్టాను. "మంచుల ఏ గాడైనా గంతే అన్నా."

"గట్లనా," అన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "గట్లయితే సరే." చాయ్ డబ్బులు నన్ను ఇవ్వనీయలేదు.

నేను చెప్పింది అబద్ధం. కొత్త బండితో మొదటిసారి కిందికి దిగిన రోజు కూడా మంచే, అదే దారి. బండిలో ఉత్తరాల సంచీ తప్ప ఏమీ లేదు. ఆసుపత్రి గేటు ముందు ఆపి గడియారం చూశాను. రెండు గంటలు కాలేదు. పైనుంచి అంత జోరుగా వస్తున్న బండిని చూసి ఆసుపత్రి వాళ్లు ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకున్నారు. ఇద్దరు స్ట్రెచర్ పట్టుకుని మంచులో పరుగెత్తుకొచ్చారు. ఒకడు నా పక్క తలుపు లాగాడు. సీటు ఖాళీ. "పేషెంట్ కహాఁ హై?" అన్నాడు రొప్పుతూ, రోగి ఎక్కడని. నేను ఆ సీటు వైపే చూస్తూ ఉండిపోయాను. వాళ్లిద్దరూ స్ట్రెచర్ దించకుండా, నేను చెప్పే జవాబు కోసం అలాగే నిలబడి ఉన్నారు.