కుంకుడు రసంలో కడిగిన గుళికలు

నేను పెంచి చెబుతాను. చెంబెడు నీళ్ళు కనబడితే కంభం చెరువు అంటాను. ముందే ఒప్పుకున్నాను కాబట్టి తర్వాత నన్నేమీ అనకూడదు.

నలభై ఆరేళ్ళ వయసులో, మార్కాపురంలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకుంటూ పీహెచ్‌డీకి దిగాను. సగ్గుబియ్యమంత రెసిన్ గుళికలకు ఒక నూనె పట్టించి, గాజు గొట్టంలో నింపి, కోబాల్టు, నికెలు కలిసిన నీళ్ళు పోయాలి. నూనె కోబాల్టును పట్టుకుని గుళికలను నీలం చేస్తుంది. నికెలు ఆకుపచ్చగా కిందికి దిగిపోతుంది. సోమవారం మా గైడు వచ్చి అది కళ్ళారా చూస్తేనే థీసిస్ రాయనిస్తాడు. లేకపోతే ఆరేళ్ళ చాకిరీ బూడిదే.

ఆ నూనె కంపు ఇప్పటికీ నా ముక్కును వదల్లేదు. కిరసనాయిలులో నానబెట్టిన పాత సాక్సు. ఏడుసార్లు చేతులు కడిగినా అన్నం ముద్దలో అదే. గుళికలను మిద్దె మీద ఆరబెట్టిన రోజు వీధికుక్క ఒకటి మా గుమ్మం దాకా వచ్చి, ముక్కు చిట్లించి, యర్రగొండపాలెం బస్సెక్కి పోయింది. మా ఇంట్లోనే ఉండే మేనత్త ముట్టుకుంటుందేమోనని, ముందుచూపుతో నల్లమల కొండ మీద నుంచి కూడా కనబడేంత అక్షరాలతో ‘ముట్టుకోవద్దు’ అని చీటీ రాసి పెట్టి, గిద్దలూరులో పెళ్ళికి వెళ్ళాను.

తిరిగొచ్చి చూస్తే గుళికలు మిలమిలలాడుతున్నాయి, కంపు లేదు. ఎండ పుణ్యమనుకుని మురిసిపోయాను.

సోమవారం గైడు ఎదుట గొట్టంలో నీళ్ళు పోశాను. ఒక్క గుళికా నీలం కాలేదు. గులాబీ రంగు కోబాల్టు, ఆకుపచ్చ నికెలు కలగలిసి, ఎంగిలి కంచాలు కడిగిన నీళ్ళలా కిందికి కారాయి. చూడడానికే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం గైడును భోజనానికి ఇంటికి తీసుకొస్తే, అన్నం వడ్డిస్తూ అత్త తనంతట తానే చెప్పింది.

“ఏంది అల్లుడా ఆ రోత? ఎలుక చచ్చిన కంపు. కుంకుడు రసంతో రెండుసార్లు రుద్దితే గానీ జిడ్డు పోలేదు. ఇప్పుడు ముత్యాల మాదిరి ఉండాయి కదా.”

నూనె గుళికల రంధ్రాల్లో ఇంకుతుందే గానీ అతుక్కోదు. తలంటుకు లొంగిపోయింది.

గైడు నా వైపు తిరిగాడు. “మాస్టారూ, ముట్టుకోవద్దని ఇంట్లో చెప్పలేదా?”

“చీటీ పెట్టినాను సార్. ఇంతింత అక్షరాలు.”

“అయితే మీ తప్పేముంది? నెల రోజులు తీసుకుని మళ్ళీ చేయండి.”

అత్తకు చదవడం బాగా వచ్చు. నన్ను ఒకసారి చూసి, గైడు విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది. ఆ నెలంతా మళ్ళీ అదే కంపు పీలుస్తూ, అత్త పెట్టిన అన్నం వంక పెట్టకుండా తిన్నాను.

కుక్క నిజంగా పారిపోయింది; బస్సు నేను ఎక్కించాను. కానీ దాన్ని అబద్ధమనను. అబద్ధం ఆ చీటీ ఒక్కటే. అసలు నేను ఏ చీటీ రాయలేదు.