వీధులూడ్చే వెర్లిన్, ఊడని కోరు

అమెరికాలోని మిల్వాకీలో వీధులూడ్చే బండి నడుపుతాడు వెర్లిన్ స్ట్రోబెల్. ఆ బండి చీపురు నుంచి సన్నని ఉక్కు పుల్లలు రాలుతుంటాయి. మా తాళాల క్లబ్బులో అందరి పనిముట్లూ ఆ పుల్లలను అరగదీసి చేసుకున్నవే. సొంత తాళాలను తాళంచెవి లేకుండా తీయడం మా సరదా. నెలకోసారి బౌలింగ్ హాలు వెనక గదిలో, వేయించిన చీజ్ ముక్కల పళ్లెం చుట్టూ చేరతాం.

ఈసారి వెర్లిన్ వంతుకు ఇమోజీన్ తాళంకప్ప వచ్చింది. ఆమె స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆ తాళం బడుల్లో వాడే రకం. దాని లోపల పిన్నులుండే కోరు మొత్తంగా ఊడి చేతికొస్తుంది. పైనున్న కొంకి తెరవడం కాదు, ఆ కోరు ఊడదీయడమే పందెం. తీసినా, చలికాలం మొదలయ్యేలోపు తీయలేకపోయినా, తాళాన్ని తర్వాతి వంతువాడైన లైల్‌కి ఇచ్చేయాలి. ఆ గడువు ఆ సాయంత్రంతో తీరుతుంది.

వెర్లిన్ ఒక పుల్లను తాళంచెవి కన్నంలో పెట్టి తిప్పుతూ, ఇంకోదానితో పిన్నులు ఎత్తాడు. టక్కుమని కొంకి లేచింది. కొత్తగా వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. వెర్లిన్ మొహం వాడిపోయింది.

"మళ్లీ తెరిచేశావా?" అంది ఇమోజీన్. "దొంగలకైతే పనికొస్తావు గానీ, మాకెందుకయ్యా?"

"కోరు లోపలి తొడుగునే తిప్పుతున్నాను. నీ తాళమే మొండిది."

"నీ మొహం. పుల్ల లావుగా ఉంది. కావాలంటే నాది తీసుకో."

"వద్దు. రేపు నీ పుల్లే తీసిందంటావు."

"అంటాను మరి."

తాళంచెవి దూరే గొట్టం చుట్టూ పల్చని తొడుగు ఉంటుంది. దాని అడుగున చిన్న చిల్లులుంటాయి. తిప్పే పుల్ల కొస వాటిలో దిగి తొడుగును మాత్రమే తిప్పాలి. గొట్టం గోడకు ఒరుసుకుంటే ఒత్తిడి అటు పోయి, తాళం మామూలుగా తెరుచుకుంటుంది. కోరు కదలదు.

వెర్లిన్ కొంకి నొక్కి మూశాడు. జేబులోంచి ఆకురాయి తీసి పుల్ల పక్కలు అరగదీశాడు. దూర్చి చూశాడు, మళ్లీ అరగదీశాడు.

"ఇంక ఇచ్చెయ్ బాబూ, నేనూ ముసలాణ్ణవుతున్నా," అన్నాడు లైల్.

వెర్లిన్ పుల్లను మళ్లీ కన్నంలో పెట్టాడు. ఈసారి పుల్ల ఎక్కడా ఒరుసుకోలేదు. చివరి పిన్ను లేచాక తొడుగు కాస్తంత తిరిగి ఆగింది. మెల్లగా లాగాడు. కోరు ఊడి వచ్చింది.

దాన్ని అందరికీ ఎత్తి చూపిస్తూ, ఆ సంబరంలో పుల్లను వెనక్కి తిప్పేశాడు. తొడుగు మొదటి చోటికి పోయి బిగుసుకుంది. కోరును కప్పలో పట్టి ఉంచే పక్క ముక్కు మళ్లీ బయటికి పొడుచుకొచ్చింది. ఇక అది కప్పలో దూరదు.

లైల్ చెయ్యి చాపాడు. "సరే, ఇటివ్వు."

"మూసిన తాళమే చేతులు మారాలి. ముక్కలు కాదు," అంది ఇమోజీన్.

"అయితే కోరు తీసే నీ తాళంచెవితో పెట్టెయ్."

"పెట్టను. కెలికింది అతను. మళ్లీ పుల్లతో తొడుగు తిప్పి అతనే సర్దాలి."

"ఎన్నాళ్లకు?"

"ఏమో, తొందరేముంది?" అన్నాడు వెర్లిన్. కప్పను ఒక జేబులో, కోరును ఇంకో జేబులో వేసుకుని, చీజ్ పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.