బ్రేకు నిలిచిన గురువారం

అమలాపురం నుంచి బుధవారం తెల్లవారుజామున నాలుగున్నరకి బయలుదేరాం. బండి మాదే, పద్నాలుగేళ్ల నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్. నడిపేది నేను. పక్క సీట్లో మా చినమావయ్యగారు, అంటే మా ఆయనకి బాబాయిగారు. ముప్పై రెండేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. వెనక సీట్లో పులిహోర డబ్బా, పానాల పెట్టె, బ్రేకాయిల్ సీసాలు రెండు, అద్దెకి తెచ్చిన హెల్మెట్టు. వెళ్లేది చెన్నై అవతల, శ్రీపెరుంబుదూరు దగ్గరున్న రేసు ట్రాకుకి. అక్కడ అప్పుడప్పుడూ మామూలు జనం కూడా రుసుము కట్టి తమ బండ్లు తిప్పుకోవచ్చు. పోటీ ఏమీ ఉండదు. ట్రాక్ డే అంటారు.

డ్రైవింగ్ స్కూలు నడుపుకునే ఆడదానికి రేసు ట్రాకుతో ఏం పనమ్మా అని మా వీధిలో అందరూ అడిగారు. పని నాది కాదు, మా ఆయనది. ప్రసాద్ గారు మస్కట్‌లో ఒక గ్యారేజీలో బ్రేకుల పని చేస్తారు. వెళ్లి ఆరేళ్లయింది. ఏడాదికి ఒక నెల సెలవు. ఆ నెలలో సగం రోజులు ఈ బండి కిందే పడుకునేవారు. నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఆయన పాదాలతో మాట్లాడేదాన్ని. ముందు చక్రాలకి పెద్ద డిస్కులు, వాటిని గట్టిగా పట్టే కాలిపర్లు, రబ్బరు గొట్టాల బదులు స్టీలు అల్లిక గొట్టాలు, అన్నీ సెలవు సెలవుకీ ఒక్కొక్కటిగా పెట్టెలో తెచ్చి బిగించారు. ఆ కాలిపర్ని ఈ బండికి అతికించే ఇనుప బ్రాకెట్టు మాత్రం ఆయన సొంతంగా లెక్కగట్టి కోసింది. ఆ బ్రాకెట్టు మీదే మా ఆశంతా.

అది నిలబడితే ఆయన వచ్చేస్తారు. రావులపాలెంలో షెడ్డు అద్దెకి తీసుకుని, పాత బండ్లకి ఇలాంటి బ్రేకులు బిగించే పని పెట్టుకుంటారు. నిలబడకపోతే గ్యారేజీ వాళ్ల కాగితం మీద మరో రెండేళ్లకి సంతకం పెడతారు. గురువారం మధ్యాహ్నం లోపల ఏదో ఒకటి చెప్పమని మేనేజరు గడువు పెట్టాడు. సెలవు దొరికితే ఆయనే వచ్చి నడపాల్సింది. దొరకలేదు.

“సత్యా, నువ్వు నడిపి చూడు. ఉన్నదున్నట్టు చెప్పు. నేను రావాలని లేనిది కలిపి చెప్పకు” అన్నారు ఫోన్లో.

ఆయ్ అన్నాను.

కొత్తపేట దాటేసరికి తూరుపు తెల్లబడింది. సిద్ధాంతం వంతెన ఎక్కాక చినమావయ్యగారు కిటికీలోంచి గోదారికి దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాత కాళ్లు ముందుకి చాపారు. అక్కణ్నుంచి మొదలైంది. ముందు ఏ లారీ కనపడినా ఆయన కుడికాలు కింది మ్యాట్‌ని గట్టిగా తొక్కేది. అక్కడ పెడల్ లేదండీ అంటే, “తెలుసమ్మాయ్, కాలికి తెలవట్లేదు” అన్నారు. ఏలూరు దగ్గర ఇడ్లీ తినేటప్పుడు కూడా బల్ల కింద ఆయన కాలు ఊరుకోలేదు. నవ్వలేక చచ్చాను.

ఎనిమిదిన్నరకి విజయవాడ దాటాం. పదకొండున్నరకి ఒంగోలు దగ్గర వేపచెట్టు నీడలో పులిహోర తిన్నాం. నెల్లూరులో కాఫీ. హైవే మీద బ్రేకు చక్కగా పనిచేసింది, వేలితో నొక్కినట్టు తొక్కితే చాలు. సాయంత్రం ఆరింటికి శ్రీపెరుంబుదూరులో లాడ్జి చేరాం. రెండు గదులు, వేణ్నీళ్లు ఉన్నాయి, దుప్పట్లు ఉతికినవే. నా గదిలో కిటికీ పక్కన రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఆరేళ్లుగా ఎక్కడికెళ్లినా రెండో కుర్చీ మీద నా చేతిసంచే కూర్చుంటోంది. ఆ రోజూ అదే కూర్చుంది.

గురువారం ఎనిమిదింటికి ట్రాకు దగ్గర ఉన్నాం. బండ్లు పరీక్ష చేసే తమిళ మేస్త్రీ ఒకాయన, తెలుగు బాగానే వచ్చు, చక్రం పక్కన గొంతుక్కూర్చుని బ్రాకెట్టు తడిమి చూశాడు. ఎవరు కోశారని అడిగాడు. మా ఆయన అన్నాను. మంచి చెయ్యి అన్నాడు. ఆ మాట అక్కడే ఫోన్ చేసి చెప్పాలనిపించింది, కానీ గ్యారేజీలో పనివేళ ఫోన్లు లాకర్లో పెట్టాలి. టీ విరామంలోనే ఆయన దొరుకుతారు.

పెడల్ ఎత్తు కొలవడానికి ప్రసాద్ గారు ఒక ఉపాయం చెప్పారు. కొబ్బరీనె ఒకటి పెడల్ పక్కన నిలబెట్టి, బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు పెడల్ ఎక్కడ ఆగితే అక్కడ ఈనె మీద పెన్నుతో గీత పెట్టాలి. ఇరవై నిమిషాలు తిప్పాక మళ్లీ తొక్కి చూడాలి. ఆ గీత దగ్గరే ఆగితే బ్రేకు నిలబడినట్టు. కిందికి దిగితే లేనట్టే. ఈనె ఇంటి దగ్గర చీపుర్లోంచి లాగి తెచ్చాను. సెషన్‌కి ముందే దాని మీద గీత పెట్టుకున్నాను.

పదకొండు ఇరవైకి మొదటి సెషన్. చినమావయ్యగారు కంచె అవతల మెట్ల మీద కూర్చున్నారు. నేను పదకొండేళ్లుగా రోజుకి ఎనిమిదిమందికి డ్రైవింగ్ నేర్పుతున్నదాన్ని, భయమేమీ ఉండదనుకున్నాను. ఆ పొడుగు రోడ్డు మీద కాలు బలంగా నొక్కేసరికి ఒళ్లంతా చెమట పట్టింది. నాలుగు చుట్లు బాగానే ఆగింది. ఆరో చుట్టులో కాలుతున్న వాసన వచ్చింది. ఎనిమిదో చుట్టులో మలుపు ముందు తొక్కితే పెడల్ నానిన అటుకుల్లోకి దిగినట్టు మెత్తగా దిగిపోయింది. గేర్లు తగ్గించుకుని ఎలాగో మలుపు తిప్పి, మెల్లగా బయటికి తెచ్చేశాను. ఈనె పెట్టి చూస్తే పెడల్ గీతకి రెండు వేళ్లు కింద ఉంది.

అప్పుడు పన్నెండు కావస్తోంది, మస్కట్‌లో పదిన్నర. ఆయన టీ విరామం. హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని, బండి దిగకుండానే ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కదా, చెప్పేశాను.

ఆయన ముందు అడిగింది ఒక్కటే. “నీకేం కాలేదు కదా?” అన్నారు.

లేదండీ అన్నాను.

“నా లెక్కే తప్పయ్యుంటుంది సత్యా. పోన్లే. జాగ్రత్తగా ఇంటికెళ్లండి” అన్నారు. ఫోన్ పెట్టేశారు.

నేను బండి దిగి, చినమావయ్యగారి దగ్గరికెళ్లి జరిగింది చెబుతూ ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు. ఒక మాట అడుగుతాను ఏమనుకోకమ్మాయ్ అని మొదలుపెట్టారు.

“నీ బండి వెనక ఎర్ర లైట్లు ఆరనేలేదేంటి? మలుపులో సరే. తిన్నటి రోడ్డు మీద కూడా వెలుగుతానే ఉన్నాయి. నువ్వు బ్రేకు మీంచి కాలు తీసేవా అసలు?”

నాకు వెంటనే అర్థమైంది. మా స్కూలు బండిలో నేను కూర్చునే ఎడమవైపు అదనంగా ఒక్క బ్రేకు పెడల్ బిగించి ఉంటుంది. నేర్చుకునేవాళ్లు కంగారుపడితే నేను ఆపడానికి. పదకొండేళ్లుగా నా ఎడమకాలు దాని మీదే ఉంటుంది. భయం వేస్తే చాలు, అది బ్రేకుని వెతుక్కుని పోతుంది. ఇక్కడ కుడికాలు వేగం పెంచుతుంటే ఎడమకాలు బ్రేకుని సన్నగా ఒరుసుకుంటూనే ఉంది. చుట్లన్నీ అలాగే తిప్పాను. అలా కాల్చుకుంటే ఏ బ్రేకైనా ఎందుకు నిలబడుతుంది? దారంతా పెద్దాయన కాలు చూసి నవ్వినదాన్ని నేనే.

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. లాకర్లో పెట్టేశారు. సంతకం పెట్టకండి, తప్పు బ్రేకుది కాదు, నాది అని మెసేజ్ పెట్టాను. చేరినట్టు చూపించింది, చదివినట్టు చూపించలేదు.

తమిళ మేస్త్రీ బ్రేకు ప్యాడ్లు విప్పి, మీద మెరుపెక్కిన పొరని ఉప్పుకాగితంతో రుద్దాడు. కాగిపోయిన ఆయిల్ తీసేసి మేం తెచ్చింది పోశాడు. చినమావయ్యగారు డ్రైవరు సీట్లో కూర్చుని అతను చెప్పినప్పుడల్లా పెడల్ తొక్కుతూ గొట్టాల్లోని గాలంతా పోయేదాకా ఓపిగ్గా సాయం చేశారు. క్యాంటీన్లో సాంబారన్నం బావుందట. నేను ఫోన్ చూస్తూ కూర్చున్నాను.

మూడింటికి రెండో సెషన్. ఎడమకాలి బూటు విప్పేసి, ఉత్తి పాదం క్లచ్ పక్కనున్న కాలిపీట మీద ఆనించాను. కదిపితే నాకే తెలియాలని. మొదటి చుట్టులో రెండుసార్లు లేవబోయింది, పళ్లు బిగించి ఆపాను. తర్వాత ఊరుకుంది. అప్పుడు తెలిసింది మా ఆయన ఏం చేశారో. పొడుగు రోడ్డు చివర తొక్కగానే బండి వంగి, తలవంచుకుని, చెప్పినచోట ఆగుతోంది. మళ్లీ, మళ్లీ, అన్నిసార్లూ అక్కడే. పక్క సీటు ఖాళీగా ఉంది. ఈ ఇరవై నిమిషాలూ ఆయన అందులో ఉంటే చాలు, ఇంకేమీ అడగను అనుకున్నాను. పన్నెండు చుట్లు. ఆగి ఈనె నిలబెట్టాను. పెడల్ సరిగ్గా గీత మీద ఆగింది.

ఫోన్ తీస్తే ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చి ఉంది. ‘ఇప్పుడే చూశాను. మేనేజరు మధ్యాహ్నం నమాజుకి వెళ్లిపోతాడంటే ముందే సంతకం పెట్టేశాను. వెనక్కి తీసుకోవడానికి లేదంట.’

శుక్రవారం పొద్దున్న ఐదింటికి తిరుగుప్రయాణం. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ. చినమావయ్యగారి కాలు మ్యాట్‌ని తొక్కుతూనే ఉంది, నాకు నవ్వు రాలేదు. సాయంత్రం ఐదున్నరకి సిద్ధాంతంలో వంతెన ముందు టీకి ఆగాం. అప్పుడు ఫోన్ మోగింది. శుక్రవారం వాళ్లకి సెలవు.

తొందరపడ్డానండీ, క్షమించండి అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు.

“ఆఖరి చుట్టు చెప్పు సత్యా. మొదట్నుంచీ చెప్పు. ఎక్కడ తొక్కేవు, ఎలా ఆగింది?”

చినమావయ్యగారు టీ గ్లాసు పట్టుకుని గోదారివైపు వెళ్లిపోయారు. నేను కళ్లు మూసుకుని చెప్పాను. పొడుగు రోడ్డు, మలుపు ఇంకా రెండు వందల మీటర్లుందనే బోర్డు, అది దాటాక కాలు, బండి వంగడం, కుడి మలుపు. ఆయన ఊఁ కొడుతున్నారు. అయిపోయాక ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. ఈసారి బోర్డు దాటగానే నాకంటే ముందు ఆయనే ‘తొక్కు’ అన్నారు.

ట్రాక్ డేకి వెళ్లాలనుకునేవాళ్లకి నేను చెప్పగలిగేది కొంచెమే. పలచటి అడుగున్న బూట్లు వేసుకోండి. బ్రేకాయిల్ ఒక సీసా ఎక్కువే పట్టుకెళ్లండి. శ్రీపెరుంబుదూరులో లాడ్జీలు బాగానే ఉంటాయి. రెండో సెషన్ అయ్యేదాకా మాత్రం ఎవరికీ ఫోన్ చేయకండి.

కొబ్బరీనె బండిలోనే ఉంచాను. రావులపాలెం వచ్చేటప్పటికి చీకటి పడుతోంది. మేం అనుకున్న షెడ్డు ముందు కాసేపు బండి ఆపాను. తలుపు వేసి ఉంది, అద్దెకివ్వబడునని బోర్డు ఇంకా వేలాడుతోంది. రెండేళ్లు ఖాళీగా ఉండదది.