నిద్రపట్టే నేల

రావులపాలెం అరటిపళ్ల మార్కెట్లో గెలల వేలానికి కేకలు వేసేది తాతాజీగారే. పొద్దున్నుంచీ అరిచి ఇంటికొస్తే, వసారా నిండా రైతులూ, చుట్టాలూ, ఏ గెల ఎంతకి పోయిందన్న ప్రశ్నలూ. యాభై దాటాక ఆయన కోరిందల్లా, రోజుకో గంట ఎవరితోనూ మాట్లాడకుండా ఉండడం.

పంతొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో రాజమండ్రిలో ఓ వీడియో గేముల షాపు మూసేస్తుంటే, బీరువా అంత మిషను కొని లారీలో తెచ్చుకున్నారు. విమానాల్ని పేల్చే ఆట. దానికోసం మేడ మీద గది లేచింది. పని నేల దగ్గర ఆగింది.

"మొజాయిక్ వేసేద్దామండి," అన్నాడు మేస్త్రీ వీరబ్రహ్మం.

"నించుని ఆడాలయ్యా. కాళ్లు లాగుతాయి."

"గేదెల పాకలో వేసే గరుకు గచ్చయితే జారదండి."

"నన్ను గేదెల్లో కలిపేశావా?"

"గేదెలు మిషన్లు కొనవు కదండి."

గెలని తడిమి చూడందే పాట మొదలెట్టని మనిషి, రాయిని మాత్రం కంటితో కొంటారా? రాళ్ల దుకాణంలో చొక్కా విప్పి, ఒక్కో పలక మీదా వెల్లకిలా పడుకుని చూశారు. మే నెల. నాలుగోది చల్లటి తెల్ల పాలరాయి. దాని మీద నిద్రపోయారు. గంటన్నర తర్వాత లేచి, "ఇదే," అన్నారు. గురక విన్న దుకాణదారు ఇంక రేటేం తగ్గిస్తాడు?

రాయి పరిచిన మర్నాడు భోంచేసి పైకెళితే, మిషను ముందు తల్లి సంపూర్ణమ్మ పడుకుని ఉంది. రెండో రోజు భార్య వెంకటదుర్గ, ఆవిడ పిన్ని. వారం తిరిగేసరికి లోపల ఆడాళ్లు, గుమ్మం అవతల అదే రాయి మీద మగాళ్లు, వసారా జనమంతా మేడెక్కేశారు. తాతాజీగారు తలల మధ్య కాళ్లు పెట్టుకుని విమానాలు పేలుస్తున్నారు.

"ఒరేయ్, ఆ మోత ఆపు. కన్నంటుకోవడం లేదు."

"ఇది ఆటల గదమ్మా."

"ఎవరు కాదన్నారు? చప్పుడు చెయ్యకుండా ఆడుకో."

"ఏవండీ, కాస్త జరగండి," అంది వెంకటదుర్గ కళ్లు తెరవకుండానే. "పిన్ని జడ తొక్కుతున్నారు."

వీరబ్రహ్మాన్ని పిలిపించారు.

"గరుకు గచ్చు వేసుంటే ఒక్కరూ పడుకునేవారు కాదండి. తవ్వేద్దామా?"

"ఈ రాయి మీద గునపం పడితే నేను పెద్దాపురం మా పుట్టింటికి పోతాను," అంది సంపూర్ణమ్మ, పడుకునే.

తాతాజీగారు కిందకి దిగొచ్చి వసారాలో కూలబడ్డారు. పాత సిమెంటు గచ్చు, పగుళ్లు, వేడి. కాసేపటికిగానీ ఆయనకి తట్టలేదు, గెల రేటు అడిగేవాడు ఒక్కడూ లేడని.

మర్నాడు నలుగురు కూలీలు మిషన్ని మెట్లమీంచి దించి వసారాలో పెట్టారు.

"మరి ఇక్కడ నేల ఏం వెయ్యమంటారండి?" అన్నాడు వీరబ్రహ్మం.

"ఏమీ వద్దు. ఆ పగుళ్లు కూడా పూడ్చకు. బాగుచేశావంటే దిగొచ్చేస్తారు."