అందినట్టు సంతకం

మా తోటికోడలు ఆరువేల దినార్లు కట్టింది 2025 జనవరి 10న, శుక్రవారం. ఫెలోషిప్ కూడిక అయ్యాక, చాపలు చుట్టకముందే, ఆ హాల్లోనే కాగితాల మీద సంతకాలు పెట్టింది. పెట్టించుకున్నది మా కూడికకు వచ్చే బ్రదరే. చేసేది ఇన్సూరెన్స్ ఏజెంటు పని. కార్డు మీద మాత్రం ‘ఆర్థిక సలహాదారు’ అని ఉంటుంది.

మా ఇద్దరికీ ఈ గల్ఫు దేశంలో, అస్కర్ ఊరి దారిలో చిన్న టైలరింగ్ షాపు ఉంది. ప్లాంటు పనివాళ్ళ డ్యూటీ బట్టలు కుడతాం, పొడుగైనవి తగ్గిస్తాం, జిప్పులు మారుస్తాం. మేం అన్నదమ్ముల భార్యలం. ఆ అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు లేరు. నాకు అరవై ఎనిమిది, తనకు అరవై ఒకటి. కోత నాది, కుట్టు తనది, పుస్తకాలు నావి. జీతానికి చేసేవాళ్ళకు మానేసే రోజున ఎంతో కొంత చేతికొస్తుంది. షాపు సొంతదైతే మనకెవరిస్తారు? మిషను తొక్కలేని రోజున బతకడానికి మేం కూడబెట్టుకున్నది 12,400 దినార్లు. అందులో సగం తనది. మొత్తం నా ఖాతాలో ఉండేది.

బ్రదర్ మీద నా అనుమానం అంతకుముందు సెప్టెంబరులో మొదలైంది. ఒకరోజు షాపుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“వందనాలమ్మా. మీరు వ్యాట్‌కి రిజిస్టరు కాలేదంట కదా. జరిమానా పడుద్ది. రెండొందలిస్తే నేను చేయించేస్తా.”

నేను పుస్తకం తీసి పన్నెండు నెలల అమ్మకాలు కూడాను. 21,340 వచ్చింది. తప్పనిసరిగా రిజిస్టరు కావాల్సింది 37,500 దాటితే. ఆ మాటే అన్నాను.

నవ్వాడు. “ముందుజాగ్రత్తగా చెప్పానమ్మా.”

ముందుజాగ్రత్తకు రెండొందలు అడిగేవాణ్ణి నేను అప్పుడే చూశాను. నాతో కుదరదని తెలిసింది కాబోలు, ఆ తర్వాత తోటికోడలితోనే మాట్లాడేవాడు. డిసెంబరుకల్లా ఆమె నోట పెన్షన్ ప్లాను తప్ప వేరే మాట లేదు.

“ఒక్కసారి కట్టి పదేళ్ళు కదపకుండా ఉంటే, తర్వాత నెలనెలా ఇస్తారంటక్కా.”

“పదేళ్ళకు నీకు డెబ్భై ఒకటి.”

“అయితే? బతకొద్దా?”

“బతుకు. వాణ్ణి నమ్మి మాత్రం బతక్కు.”

“నీకు ఎవర్ని చూసినా దొంగే. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే కళ్ళు తెరిచి కానుకల సంచి వంక చూసేదానివి.”

“చూడబట్టే సంచికి చిల్లు పడలేదు.”

“నా సగం నాకిచ్చెయ్ అక్కా. నాది నేనడుగుతున్నా.”

ఆ మాటకు ఎదురు చెప్పే హక్కు నాకు లేదు. జనవరి 9న కంపెనీ పేరు మీద ఆరువేలకు చెక్కు రాసిచ్చాను. మిగిలిన రెండొందలు ఉంచమంది.

మర్నాడు సంతకాలకు ముందు బ్రదర్ ఆ కాగితాల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. అంత ప్రార్థన అయ్యాక కూర్చుని ఒక్కో పేజీ చదివితే దేవుణ్ణే నమ్మనట్టుంటుందని మా వాళ్ళలో ఒక మొహమాటం. తను చదవకుండా తొమ్మిది చోట్ల సంతకం పెట్టింది. నేను లెక్కపెట్టాను. “కనీసం ఫొటోలు తియ్యవే” అని గద్దిస్తే విసుక్కుంటూ ఫోనులో తీసింది.

ఫిబ్రవరి 5, బుధవారం. షాపులో బేరం లేదు.

“ఆ పాలసీ పత్రం ఏదీ?” అన్నాను.

“బ్రదర్ దగ్గరుంది. జాగ్రత్తగా ఉంచుతానన్నాడు.”

“నీ చేతికి రాలేదా?”

“వస్తుందిలే అక్కా.”

ఫోను అడిగి ఫొటోలు చూశాను. కళ్ళజోడు పెట్టుకుని, అక్షరాలు పెద్దవి చేసుకుంటూ చదివేసరికి గంట పట్టింది. ఏడో ఫొటోలో ఉంది: పాలసీ పత్రం నాకు అందింది. కింద తన సంతకం, జనవరి 10 తేదీ. దాని ముందు పేజీలో ఇంకో సంగతి ఉంది. పత్రం అందిన ముప్ఫై రోజుల్లోపు వద్దనుకుంటే స్టాంపు ఖర్చులు పోను మొత్తం తిరిగిస్తారు. ఆ తర్వాత మొదటి ఏడాదిలో మానుకుంటే సగం కూడా రాదు.

వేళ్ళ మీద లెక్కపెట్టాను. సంతకం రోజును ఒకటి అనుకుంటే ముప్ఫయ్యోది ఫిబ్రవరి 8, శనివారం. శుక్ర, శనివారాలు ఆఫీసులు ఉండవు. మాకు మిగిలింది గురువారం ఒక్కటే.

“నీ చేతికి రాని పత్రం వచ్చిందని సంతకం పెట్టావు,” అని చూపించాను.

తను బ్రదర్‌కి ఫోను చేసింది. స్పీకరులో పెట్టమన్నాను.

“కంగారెందుకమ్మా, ఆదివారం నేనే తెచ్చిస్తాగా.”

ఫోను పెట్టేసి, మిషను మీదున్న బట్ట తీసి పక్కన పెట్టింది. “ఆదివారం ఎన్నో తారీకు?” అంది. ఇన్నేళ్ళలో నన్ను తారీకు అడగడం అదే మొదలు.

“తొమ్మిది.”

“సరే. పద రేపు.”

గురువారం షాపు మూసి టాక్సీలో మనామాలోని కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. కౌంటరులో కూర్చున్న అమ్మాయి హిందీలో మాట్లాడింది. కంప్యూటరు చూసి, “డాక్యుమెంటు మీకు అందినట్టు సంతకం ఉంది కదా ఆంటీ” అంది.

“సంతకం ఉంది. డాక్యుమెంటు లేదు,” అన్నాను. “అయినా అందిందనే అనుకో. ఇవాళ్టికి ఇరవై ఎనిమిది రోజులు. కావాలంటే నువ్వే లెక్కపెట్టుకో.”

లెక్కపెట్టుకుంది. మేం రాసి తెచ్చిన రద్దు ఉత్తరం తీసుకుని మా నకలు మీద తేదీతో ముద్ర వేసింది. ముద్ర సరిగ్గా పడలేదని మళ్ళీ వేయించాను.

ఆ సాయంత్రం మేం తిరిగొచ్చి షాపు తెరిచాక బ్రదర్ వచ్చాడు. చేతిలో పాలసీ పత్రం.

“కారు డిక్కీలో ఉండిపోయిందమ్మా. ఇంతదానికి నన్ను ఆఫీసులో దొంగను చేశారు.”

పత్రం తిప్పి చూశాను. అచ్చయిన తేదీ జనవరి 14. “పద్నాలుగున పుట్టింది పదోతారీకున ఎలా అందింది బ్రదర్?”

“అందరి చేతా ముందే పెట్టిస్తాం. ఆఫీసు పద్ధతి,” అన్నాడు. చెప్పేటప్పుడు కళ్ళు దించలేదు. అతను దొంగో, బద్ధకస్తుడో నాకు ఇప్పటికీ తేలలేదు. శుక్రవారం కూడికలో కనపడితే వందనాలు చెబుతాడు. నేనూ చెబుతాను.

ఫిబ్రవరి 23, ఆదివారం, 5,988 దినార్లు వచ్చాయి. పన్నెండు స్టాంపు ఖర్చు. బ్యాంకు మెసేజి చూపిస్తే తోటికోడలు సంతోషిస్తుందనుకున్నాను. తను ఫోను నా చేతిలోంచి తీసుకుని రెండుసార్లు చదివింది.

“మళ్ళీ నీ ఖాతాలోకేనా?”

“చెక్కు నాది కదా. అక్కడికే పంపుతారు.”

“రేపు నీకేదైనా అయితే, అందులో సగం నాదని ఎక్కడ రాసుంది అక్కా?”

నా పుస్తకాల్లో రాసుంది. కానీ అవి నేను రాసుకున్నవి. ఒక్క పేజీలోనూ తన సంతకం లేదు, నాదీ లేదు. బ్యాంకులోనైతే తన పేరే లేదు.

“పుస్తకాలన్నీ ఇటియ్యి,” అంది.

నాకు కోపం వచ్చింది. పందొమ్మిదేళ్ళు ఒక ఫిల్సు చిల్లర కూడా పోనివ్వకుండా రాశాను. ఆ మాట పైకి అనబోయి ఆగాను. బ్రదర్‌ని నేను అడిగిందే తను నన్ను అడుగుతోంది. పుస్తకాలు సంచిలో పెట్టి ఇచ్చాను.

నాలుగు రోజులు చూసింది. అయిదోరోజు 2021 పుస్తకం తెచ్చి, జూన్ మొత్తం జూలై పేజీలోకి ఎక్కించేచోట వేలు పెట్టింది. 36 దినార్లు తక్కువ ఎక్కించాను, తన వాటాలో. తప్పు నాదే.

మార్చి 2న బ్యాంకుకు వెళ్ళాం. రంజాను మొదలైంది, పొద్దున కొద్ది గంటలే తెరుస్తారు. తన పేరున ఖాతా తెరిచి, ఉంచమన్న రెండొందలు, ఆ 36 కూడా కలిపి 6,224 దినార్లు అందులోకి మార్పించాను. టాక్సీ డబ్బులు అందులోంచి పట్టుకోలేదు. బ్యాంకువాళ్ళు ఇచ్చిన కాగితం తను మడిచి జాకెట్లో పెట్టుకుంది. అందులో ఎంతుందో నాకు ఫిల్సుతో సహా తెలుసు. ఖాతా నంబరు మాత్రం నాకు చూపించలేదు. నేనూ అడగలేదు.