మా బావ కలిపిన అయోమయం

మా బావ ఏ పానీయాన్నీ దాని మానాన దాన్ని ఉండనివ్వడు. నీళ్ళు కనిపిస్తే నిమ్మకాయ పిండుతాడు, నిమ్మరసం కనిపిస్తే కాఫీ పోస్తాడు, కాఫీ కనిపిస్తే అందులో రమ్ము వేస్తాడు. ఆ వచ్చినదానికి ఒక పేరు పెట్టి, గదిలో లైట్లు ఆర్పి, మన చేతికిచ్చి, "ఇందులో ఏముందో చెప్పు చూద్దాం" అంటాడు. చెప్పగలిగినవాళ్ళని నేనింతవరకు చూడలేదు. ఒక్కోసారి బావ కూడా చెప్పలేడు.

ఆయన నాటకాల హాల్లో లైట్లు వేసే మనిషి. రాజుగారికి కోపం వస్తే ఎరుపు, రాణిగారికి దిగులేస్తే నీలం వేసీ వేసీ, లోకంలో ప్రతిదీ ఆయనకి రంగుగానే కనిపిస్తుంది. అందుకని పానీయం కూడా రుచిని బట్టి కాక రంగును బట్టి కలుపుతాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. లైట్లలో ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే పసుపొస్తుంది. గ్లాసులో కలిస్తే బురదొస్తుంది. ఈ సంగతి మా బావకి ప్రతి సాయంత్రం కొత్తగా తెలిసేది. "అరె, పసుపు రావాలే!" అని కాసేపు గ్లాసుకేసి చూసి, పసుపు కాగితం చుట్టిన టార్చి దానిమీద వేసి, "వచ్చింది" అనేవాడు.

నేను అక్కని చూసి పోదామని రెండు జతల బట్టలతో వాళ్ళింటికి వెళ్ళాను. మర్నాడే లాక్‌డౌన్ పెట్టారు. బళ్ళు లేవు, బస్సులు లేవు, గడప దాటడానికి లేదు. నేను లెక్కల టీచర్ని. కిటికీ గట్టుమీద ఫోను నిలబెట్టి పాఠాలు చెప్పేదాన్ని. ఇవాళ ఏ వారమో నాకు తెలిసేది కాదు, పిల్లలకి తెలిసేది కాదు. ఆదివారం పూట అరగంటసేపు త్రిభుజాలు చెప్పాక, ఎవరూ లేరని గమనించిన టీచర్ని నేనొక్కదాన్నేననుకుంటాను.

ఆ ఇంట్లో ఉన్నది మేం నలుగురం. బావ, అక్క, బావ వాళ్ళమ్మగారు, నేను. నాటకాల హాలుకి తాళం పడింది. మళ్ళీ ఎప్పుడు తీస్తారో చెప్పే నాథుడు లేడు. ఇక ఇల్లు నడవాలంటే అక్క ఉద్యోగమే దిక్కు. అక్క షర్బతులు తయారుచేసే ఫ్యాక్టరీలో రుచి చూసే మనిషి. కొత్తగా కాచిన పాకం ఒక చెంచాడు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, ఉమ్మేసి, "పోనివ్వండి" అంటేనే సీసాలు బయటికి కదులుతాయి. అలాంటి ముక్కూ నాలుకా మా ఇంటావంటా లేవు. పాలు తాగి, "ఈ గిన్నెలో మొన్న ఉల్లిపాయలు పెట్టారా?" అని అడిగే మనిషి. ఆవిడకి వండిపెట్టడమంటే మా అమ్మ కూడా హడలిపోయేది.

లాక్‌డౌన్ మొదట్లోనే అక్కకి జ్వరం వచ్చింది. వెనక గదిలో ఒక్కర్తీ పడుకుంది, తగ్గింది, లేచి తిరిగింది. అదేమిటోగాని, జ్వరం అక్కకి వస్తే పిచ్చి బావకి పట్టింది. అంతకుముందు ఎవరైనా చుట్టాలొస్తే పానీయం కలిపేవాడు. ఇప్పుడు రోజూ మొదలుపెట్టాడు.

చీకటి పడుతుండగా, నాటకానికి ముందు కొట్టినట్టు, చెంచాతో గ్లాసుమీద మూడు గంటలు కొట్టేవాడు. కిటికీ తెరలు మూసుకునేవి. లైట్లు ఆరేవి. కుర్చీ వెనకనుంచి నీలం టార్చి వెలిగేది.

"సభకు నమస్కారం! ఇవాళ్టి పానీయం పేరు 'ఆరడుగుల దూరం'. పైన ఒకటి, కింద ఒకటి. రెండూ కలవవు."

"కలిసిపోయాయి బావా."

"నువ్వు దగ్గరగా చూస్తున్నావు. దూరం జరుగు."

రమ్ము సీసా ఇంట్లో ఒక్కటే ఉంది, దుకాణాలు మూసేశారు. అందుకని మనిషికి ఒక మూతెడే. మిగతా గ్లాసంతా బావ ఊహాశక్తి. 'సబ్బునీళ్ళ సాయంత్రం' అని గుడ్డు తెల్లసొన నురగ తెప్పించి ఒకటిచ్చాడు. నిజంగా సబ్బేమోనని భయపడ్డాను. 'మాస్కు వెనక నవ్వు' అని గ్లాసుకి గుడ్డ కట్టి, అందులోంచే పీల్చమన్నాడు. 'ఇవాళ ఏ వారం?' అని ఒకటి కలిపాడు. అందులో దోసకాయ రసం, జామ్, అల్లం, చల్లారిన టీ ఉన్నాయని తర్వాత తెలిసింది. తాగుతున్నప్పుడు మాత్రం ఎవరో నన్ను లెక్కల్లో తప్పించినట్టుంది.

"ఏముందో చెప్పండి!"

"బెల్లం?" అన్నాను.

"కాదు."

"మందు తక్కువైంది" అనేవారు అత్తయ్యగారు. ఆవిడ గ్లాసులో అసలు మందే ఉండదు. "నిన్నటిదే బాగుందిరా. నిన్న కొంచెం కిక్కొచ్చింది."

"అమ్మా, నిన్న నీకిచ్చింది మజ్జిగ."

"అయితే ఆ మజ్జిగే ఇవ్వు."

తర్వాత బావ అక్కవైపు తిరిగేవాడు. అక్క గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉండేది. ఒక గుక్క తాగేది. నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ఇప్పుడు ఈయన పని అయిపోయింది, ఇప్పుడు చీల్చి చెండాడుతుంది అనుకునేదాన్ని.

"బాగుందండీ" అనేది అక్క. "ఏముందో నాకూ అంతు పట్టడం లేదు."

నాకు మతిపోయేది. ఉప్పు ఒక్క పలుకు ఎక్కువైతే పళ్ళెం పక్కకి తోసే మా అక్క, ఆ బురదని బాగుందంటుందా! పైగా బావ ఎంత మురిసిపోయేవాడో! "చూశారా? మీ అక్కకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!" అని చప్పట్లు కొట్టేవాడు. ఇది ప్రేమో, భయమో, లేక ఇల్లు కదలకుండా ఉంటే అందరికీ ఇలాగే అవుతుందో నాకు బోధపడలేదు. ఒకరోజు పొద్దున పాలు అడుగంటి ఇల్లంతా కంపు కొడుతుంటే, అక్క ఆ పక్కనే నిలబడి కూరగాయలు తరుగుతోంది. కేకేసుకుంటూ వెళ్ళి నేనే పొయ్యి ఆర్పాను. "ఏదో ఆలోచిస్తున్నానే" అంది.

ఇంతలో ఫ్యాక్టరీనుంచి ఫోనొచ్చింది. వచ్చే వారం తెరుస్తున్నారట. ఇన్నాళ్ళూ ఇంట్లో కూచుని నాలుకలు మొద్దుబారాయేమోనని, రుచి చూసేవాళ్ళందరికీ పరీక్ష పెడతారట. తప్పినవాళ్ళని ప్యాకింగుకి పంపుతారట. అక్క ఫోను పెట్టేసి వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

నాకు బావమీద ఒళ్ళు మండిపోయింది. వంటింట్లో ఆయన లవంగాలు నలగ్గొడుతుంటే వెళ్ళి నిలదీశాను.

"బావా, ఇక ఆపు. అక్క ఉద్యోగం నాలుకమీద ఆధారపడి ఉంది. నువ్వు రోజూ ఆ నాలుకని తగలబెడుతున్నావు. ఏది తీపో ఏది చేదో తెలియని స్థితికి తెచ్చావు. రేపు పరీక్షలో దానికేమీ తెలియకపోతే?"

"తెలుస్తుంది" అన్నాడు.

"ఎలా తెలుస్తుంది?"

"ఈ లవంగాలు కొంచెం మెత్తగా నూరిపెట్టు. నారింజ తొక్కలు నేను చూసుకుంటా."

దున్నపోతుమీద వాన కురిసినట్టుంది ఆయన వాలకం. తిట్టడానికి వెళ్ళినదాన్ని లవంగాలు నూరిపెట్టి వచ్చాను. ఎందుకు నూరానో నాకే తెలియదు.

ఆ సాయంత్రం పానీయం పేరు 'ఫ్యాక్టరీ గేటు'. ఎర్ర టార్చి, ఆకుపచ్చ టార్చి రెండూ వేశాడు. గోడమీద నిజంగానే పసుపొచ్చింది, గ్లాసులో మామూలుగానే బురదొచ్చింది. నేను అలిగి తాగనన్నాను. అత్తయ్యగారు తాగి, మందు తక్కువైందన్నారు. అక్క గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. రోజూకంటే ఎక్కువసేపే పెట్టుకుంది. తాగింది.

"ఛీ!"

గ్లాసు బల్లమీద పెట్టి వంటింటి తొట్టి దగ్గరికి పరుగెత్తింది. ఉమ్మేసి వచ్చి బావమీద విరుచుకుపడింది.

"ఇదేం దరిద్రమండీ! లవంగం వేశారా, కుమ్మరించారా? దానిమీద నారింజ తొక్క! పైగా ఉల్లిపాయ కంపు! ఏ గిన్నెలో కలిపారసలు?"

"ఏదీ, మళ్ళీ చెప్పు" అన్నాడు బావ. గోడమీద పసుపు అటూ ఇటూ ఊగుతోంది.

"లవంగం అంటున్నాను కదా! లవం..." అని అక్క ఆగిపోయింది. గ్లాసు తీసుకుని మళ్ళీ వాసన చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత ఆయన భుజం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేకపోయింది.

"ఇంకోసారి తిట్టవే" అని బతిమాలుతున్నాడు బావ.

అత్తయ్యగారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఎవరైనా లైటు వేస్తారా?" అన్నారావిడ.

లైటు వేశాక అక్క చెప్పింది. జ్వరం తగ్గిన రోజునుంచి ఆవిడకి వాసన లేదు, రుచి లేదు. ఏం తిన్నా గుడ్డ నమిలినట్టే. ఆ నాలుకే కూడుపెట్టే మనిషికి అది పోతే ఎలా ఉంటుంది? మాకు తెలిస్తే జాలిగా చూస్తామనీ, ప్రతి ముద్దకీ "తెలిసిందా, తెలిసిందా" అని ప్రాణం తీస్తామనీ చెప్పలేదు. బావకి ఒక్కడికే చెప్పింది.

"నేనొక్కదాన్నే ఏమీ తెలియకుండా మీ అందరి మధ్యా ఎలా కూచోనండీ, అని ఏడిచాను. 'అంతే కదా, ఎవరికీ ఏమీ తెలియకుండా చేస్తే సరి' అన్నారు."

డాక్టరు ఫోన్లో, ఘాటైన వాసనలు రోజూ పీల్చమని చెప్పాడట. అందుకే ఏ పేరు పెట్టినా, ఏ రంగు టార్చి వేసినా, గ్లాసు అంచుకి లవంగమో, నారింజ తొక్కో, పుదీనా ఆకో, కాఫీ పొడో రాసి ఇస్తున్నాడు. అత్తయ్యగారూ నేనూ చీకట్లో కూచుని ఏమీ తెలియక తల్లకిందులవుతుంటే, మా మధ్యన మా అక్క కూడా దర్జాగా, ఏమీ తెలియకుండా కూచుంది. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ మాట విన్నాక నాకు మా బావమీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

అక్క పరీక్షకి వెళ్ళింది. వరసగా పెట్టిన గ్లాసుల్లో ఏమేముందో అన్నీ చెప్పేసి, చివర్లో, "ఈ చెంచా సరిగ్గా కడగలేదు" అని కూడా చెప్పిందట. ఉద్యోగం నిలబడింది.

ఆ సాయంత్రం బావ మళ్ళీ మూడు గంటలు కొట్టాడు. అందరికీ గ్లాసులందాయి. నేను లేచి నిలబడి చిన్న ఉపన్యాసమే ఇచ్చాను.

"బావా, నీ అంత మనసున్నవాణ్ణి నేను చూడలేదు. మాకెవరికీ ఏమీ తెలియకూడదని, అక్కకోసం, కావాలని రోజూ అంత దరిద్రంగా కలిపావు చూడు..."

బావ మొహంలో నవ్వు ఆగిపోయింది.

"దరిద్రంగానా?"

"అంటే... కావాలనే కదా..."

"ఏమున్నాయో తెలియకూడదని కలిపాను గానీ," అన్నాడు మెల్లిగా, "రుచికి బాగానే ఉన్నాయిగా? నేను రోజూ అడుగు మిగలకుండా తాగాను. బాగాలేవా?"

నేను అత్తయ్యగారి వైపు చూశాను. ఆవిడ పైకప్పు వైపు చూశారు. బావ మా ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూస్తున్నాడు.

అక్క తన గ్లాసు తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకోలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, లోకంలోకెల్లా చురుకైన ఆ నాలుకతో, గటగటా మొత్తం తాగేసింది. ఒళ్ళంతా ఒక్కసారి జలదరించింది. తర్వాత ఖాళీ గ్లాసు బావ ముందుకి చాపింది.

"ఇంకొంచెం పొయ్యండి" అంది.